తువాలు కింద చెప్పిన మాట

ఆళ్లగడ్డకు తూర్పున, నల్లమల అడుగునున్న ఒక పల్లెలో ప్రమీలమ్మ కోపాన్ని ఎరుగని ఇల్లు లేదు. బియ్యం తూచే తక్కెడ పళ్లెం అడుగున అంటించిన చింతపండు ముద్దను పీకి, దానిని అంటించినవాని అరచేతిలోనే పెట్టి వచ్చిన మనిషి ఆమె. చెయ్యెత్తినా ఆపకుండా పోయిన బస్సు వెనుక మరొక బస్సులో వెళ్లి, స్టాండులో టీ తాగుతున్న డ్రైవరును గుర్తుపట్టి, టీ పూర్తి అయ్యేవరకు ఓపికగా నిలబడి, ఆ తరువాత అడగవలసినదంతా అడిగిన మనిషి. ఆమెకు కారణం లేకుండా కోపం వచ్చినట్లు ఎవరూ చెప్పలేరు. వచ్చిన కోపాన్ని సగంలో వదిలిపెట్టడం మాత్రం ఆమెకు చేతకాదు.

అటువంటి మనిషి ఒక కోపాన్ని పన్నెండు సంవత్సరాలు లోపలే ఉంచుకొన్నది. అది "ఇది సానకెక్కదు" అనే మాట మీది కోపం. రాయిని కోసి సానపట్టడం దండుగ, అది నగలో పెట్టే రాయి కాదు అని ఆ మాటకు అర్థం.

తొలకరి వానలు పడిన తరువాత ఆ పల్లె ఎర్రచేలల్లో పైమన్ను కొట్టుకొనిపోయి, అప్పుడప్పుడు మెరిసే రాళ్లు, ఒక్కొక్కసారి వజ్రాలే, బయటపడేవి. పంతొమ్మిది సంవత్సరాల కిందట, కాలువ సరిచేస్తున్న ఓబులేసు పారకు అటువంటి రాయి ఒకటి తగిలింది. కందిగింజ కంటె పెద్దది, చింతగింజ కంటె చిన్నది. ఓబులేసు ప్రమీలమ్మ భర్త. ఆయన గొంతు పెంచి మాట్లాడగా విన్నవారు లేరు. పంట పోయినా, మోసం జరిగినా, అల్లుడు అలిగి వెళ్లినా ఆయన నోట వచ్చే మాట ఒకటే: "పోనీలే." భార్యకు ఆయన మీద ఉన్న ఫిర్యాదు కూడా అదొక్కటే.

రాయి దొరికిన సంగతి తెలిసి ప్రభాకర్ అనే వ్యాపారి జీపులో వచ్చాడు. వెంట నంద్యాలలో రాళ్లు సానపట్టే అనంతయ్యను తెచ్చుకొన్నాడు. ఆ వ్యాపారంలో అది పద్ధతి. సానపట్టే మనిషి భూతద్దంతో రాయిని పరీక్షించి, అమ్మేవాళ్లు వినేటట్లు ఒక మాట చెబుతాడు. ఆ పిమ్మట అతడు, వ్యాపారి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకొని పైన తువాలు కప్పుకొంటారు. ధర ఎంతవరకు పోవచ్చునో వేళ్లతో చెప్పుకొంటారని ఊళ్లో అందరూ అనుకొనేవారు.

అనంతయ్య అరుగుమీద కూర్చొని రాయిని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "ఇది సానకెక్కదు ఓబులేసప్పా," అన్నాడు విచారంగా. తరువాత ఆయన, ప్రభాకర్ కలిసి ఓబులేసు భుజం మీది తువాలునే అడిగి తీసుకొని, చేతుల మీద కప్పుకొన్నారు. ప్రమీలమ్మ మజ్జిగ గ్లాసుల పళ్లెంతో గడప దగ్గర నిలబడి ఉన్నది. తువాలు కింద ఒక చెయ్యి వెడల్పుగా విచ్చుకొని, గుడ్డను పైకి లేపి, మళ్లీ అణగడం ఆమె చూసింది. వ్యాపారి ముఖంలో మార్పేమీ లేదు. మజ్జిగ గ్లాసు అందుకొనేటప్పుడు మాత్రం రెండు చుక్కలు పంచె మీద ఒలకబోసుకొన్నాడు. అనంతయ్య చుక్క కూడా ఒలకనివ్వలేదు. ఆయన మజ్జిగ తాగి, బాగుందని మెచ్చుకొని, ఇంకొక గ్లాసు అడిగి మరీ తాగాడు.

సానకెక్కని రాయికి ఎవరైనా ఎంత ఇస్తారు. వచ్చిన డబ్బుకు వాడిన నీళ్ల మోటారు ఒకటి వచ్చింది. రెండో వేసవి దాటకముందే అది కాలిపోయింది.

ఏడేండ్ల తరువాత ఆళ్లగడ్డ బస్టాండులో ఒక ఆటో డ్రైవరు ప్రమీలమ్మను గుర్తుపట్టి పలకరించాడు. పేరు స్టీఫెన్. ఆ రోజున జీపు నడిపిన మనిషి ఇతడే.

"అమ్మా, ఆ రాయి సంగతి మీకు ఎవురూ చెప్పలేదా?" అన్నాడు. "నోటి మాట అమ్మేటోళ్లకు, చేతి మాట కొనేటోనికి. టవాలా కింద అరచెయ్యి విప్పితే సానకెక్కుతాదని. పిడికిలి మూస్తే వద్దని. ఆ పొద్దు అనంతయ్య అరచెయ్యి విప్పినాడు. నంద్యాల దాకా ఇద్దరూ నవ్వుకుంటానే వచ్చిరి."

ప్రమీలమ్మ అదే ఆటోలో ఇంటికి వచ్చి భర్తకు చెప్పింది. ఓబులేసు చేటలో కందులు ఏరుతూ సాంతం విన్నాడు.

"పని పోయినోని మాటలు అవి. యజమాని మీద కచ్చతో చెప్తాండాడు."

"వానికి నా మీద ఏం కచ్చ? నాకేంటికి అబద్ధం చెప్తాడు?"

"అనంతయ్య శెట్టి అట్లాటోడు గాదే. మనింట్లో మజ్జిగ తాగినాడు. పోనీలే."

రాయి పోయినందుకు ఆమెకు వచ్చిన కోపం ఒక పాలైతే, ఆ "పోనీలే"కు వచ్చిన కోపం మూడు పాళ్లు. తమ ఇంటి అరుగుమీద, తమ తువాలు కింద మోసం జరిగింది. మోసపోయిన మనిషే మోసం చేసినవాని తరఫున సాక్ష్యం చెబుతున్నాడు. ఆనాటి నుంచి పన్నెండు సంవత్సరాలు, ఊళ్లో ఎవరి మంచితనం ప్రసక్తి వచ్చినా ఓబులేసు అనంతయ్య శెట్టిని ఉదాహరణగా చెప్పేవాడు. ప్రమీలమ్మ లేచి లోపలికి వెళ్లి, కడిగిన గిన్నెలనే మళ్లీ కడిగేది.

ఈ ఏడాది జూన్‌లో మంచి వాన పడింది. మరునాడు ఉదయం ఆమె చేనికి వెళ్లేసరికి, వేరుశనగకు దున్ని పెట్టిన నేలలో పాతికమంది వంగి రాళ్లు వెదుకుతున్నారు. సాళ్లన్నీ తొక్కుడుపడి ఉన్నాయి.

"ఏందప్పా ఇది? మీ నాయన చేనా?"

"చూసుకోని పోతాండాంలేమ్మా," అన్నాడు ఒకడు తలెత్తకుండా.

"చూసేదానికి ఆళ్లగడ్డలో సినిమా హాలుండాది. ఆడికి పోండి. టికెట్టు గూడ ఇస్తారు."

ఆమె కంప కట్టె పట్టుకొని బురదలో చేనంతా తిరిగి వాళ్లను గట్టు దాటించింది. ఇంటికి వచ్చి, చెప్పులకు పట్టిన మట్టిని పుల్లతో గీస్తూ, ఆ మనుషులను ఇంకా తిడుతున్న సమయంలో ఎడమ చెప్పు అడుగు నుంచి ఒక రాయి ఊడి గడప మీద పడింది. నీళ్లు పోసి కడిగింది. తిట్టడం ఆపింది.

మొదటి రాయికి ఇది రెండింతలు ఉన్నది.

రెండు రోజులు ఆ రాయి పసుపు డబ్బాలో ఉండిపోయింది. మూడో రోజున ఓబులేసు నెమ్మదిగా అన్నాడు: "వ్యాపారులు గట్టు మీద గొడుగులేసుకోని కూచ్చోనుండారు. చూపిద్దామా?"

"వాళ్లకు చూపిస్తే నేను అవుకుకు, మా పుట్టింటికి పోతా. నువ్వు వచ్చినోళ్లకంతా మజ్జిగ పోసుకుంటా ఈడే ఉండు."

"అట్లయితే నంద్యాలకు పోయి అనంతయ్య శెట్టికి చూపిద్దాం. ఇప్పుడాయన ఎవురి కిందా పనిలో లేడు. ఆ ప్రభాకర్ గూడ చచ్చిపాయ. నిజం చెప్తాడు."

ఆమె ఇంతెత్తున లేస్తుందని ఓబులేసు అనుకొన్నాడు. ఆమె చాలాసేపు భర్త ముఖం చూసి, "సరే. ఆయప్ప దగ్గరికే పోదాం," అన్నది. ఆ నెమ్మది చూసి ఆయనకు భయం వేసింది.

రాయి విలువైనదో కాదో ఆమెకు తెలియదు. తెలిసినవాడు ఒకడున్నాడు. అతడు నిజం చెబితే దానిని నిజమని తాను ఎట్లా గుర్తుపట్టాలన్నది ఆమెకు రాత్రంతా తేలలేదు.

మరునాడు ఆళ్లగడ్డలో నంద్యాల బస్సు కోసం నిలబడ్డారు. రోడ్డు పక్కన విగ్రహాలు చెక్కే పందిరిలో ఒక శిల్పి కొత్తగా దిగిన నల్లరాతిని సుత్తితో కొట్టి చెవి ఒగ్గాడు. రాయి గంటలాగా మోగింది. ఆ మోత శిల్పికి వినిపించింది, విగ్రహం చేయించడానికి వచ్చిన పెద్దమనిషికి వినిపించింది, రోడ్డు మీద నిలబడిన ప్రమీలమ్మకు కూడా వినిపించింది.

"ఈ రాళ్లు నయం," అన్నది ఆమె. "అందరికీ ఒకే మాట చెప్తాండాయి."

"బస్సొస్తాంది, బిరీన రా," అన్నాడు ఓబులేసు.

నంద్యాల బజారులో అనంతయ్య కుటుంబానికి ఉంగరాల రాళ్లు అమ్మే చిన్న దుకాణం ఉన్నది. ముందువైపు ఆయన కోడలు సింధూజ వ్యాపారం చూసుకొంటుంది. వెనుక కిటికీ పక్కన, గోనెపట్టా కప్పిన పాత సానచక్రం దగ్గర, అనంతయ్య కుర్చీలో కూర్చొని ఉన్నాడు. వయస్సు డెబ్బయ్యారు. తల కొద్దిగా ఊగుతున్నది. అయినా ఓబులేసును చూసిన వెంటనే గుర్తుపట్టాడు.

"ఓబులేసప్పా, బాగుండావా? మీ పక్క వానలెట్లుండాయి?"

"బాగుండాయి శెట్టీ. నువ్వు బాగుంటివా?" ఓబులేసు ముఖం సంతోషంతో వెడల్పయింది.

ప్రమీలమ్మ కుశలం అడగలేదు. కొంగుముడి విప్పి రాయిని బల్ల మీద పెట్టింది. "కొనేదానికి గాదు. అమ్మేదానికి గాదు. ఇది సానకెక్కుతాదా లేదా, అంతే చెప్పు."

రాయి కనబడగానే అనంతయ్య తల ఊగడం ఆగింది. ఆయన దానిని కడిగించి, తెల్లకాగితం మీద పెట్టి, కిటికీ వెలుతురులో చూశాడు. భూతద్దం కంటికి ఆనించి మూలమూలా తిప్పాడు. గాజు గిన్నెలో నూనె పోయించి, రాయిని అందులో ముంచి, గిన్నె అడుగు నుంచి చూశాడు. ఆ లోగా బజారులో రెండు బస్సులు పోయాయి. చివరకు రాయిని తుడిచి కాగితం మీద పెట్టాడు.

"ఇది సానకెక్కదు," అన్నాడు.

అదే మాట. అదే విచారం.

ప్రమీలమ్మ నవ్వింది. భర్త వైపు తిరిగింది. "విన్యావా? మజ్జిగ తాగకుండానే చెప్పినాడు."

"అట్లనొద్దు తల్లీ," అన్నాడు అనంతయ్య. "నడిమధ్యలో చీలిక ఉండాది. ఇదో, ఈ మూల నుంచి ఆ మూల దాకా. చక్రం తగిలిందంటే రెండు ముక్కలు గాదు, పొడి అయితాది. కావాలంటే నువ్వే చూడు."

ఆమె భూతద్దంలో చూసింది. రాతి లోపల తెల్లని దారం వంటిది ఒకటి అగుపడింది. అది చీలికో, రాతి అందమో చెప్పేవారు లేరు.

"దారం చూపిస్తాండావ్. నాకు దారం తెల్దు, చీలిక తెల్దు. నాకు తెలిసింది నీ మాట ఒక్కటే. పంతొమ్మిదేండ్ల కింద మా అరుగు మీద చెప్తివే, అదే మాట."

సింధూజ ముందు గది నుంచి లేచి వచ్చింది. "ఏందమ్మా నువ్వు మాట్లాడేది? మేము కొంటామన్నామా? కొనే పని లేనప్పుడు మా మామ అబద్ధం చెప్తే మాకేం వస్తాది?"

"ఏం వస్తాదో నాకు తెల్దు పాపా. ఆ పొద్దు గూడ ఈయప్ప కొనలేదు. కొనింది వేరేటోడు. ఈయప్పకు ఏం వచ్చిందో అడుగు."

"ప్రమీలా, గమ్మునుండు," అన్నాడు ఓబులేసు. "పెద్దాయన. పోనీలే."

ఆమె భర్త భుజం మీది తువాలును లాగింది. బల్ల మీది కాగితాన్ని పక్కకు జరిపి, తువాలును పరిచి, దాని కిందికి తన కుడిచెయ్యి పోనిచ్చింది.

"నోటితో వద్దు శెట్టీ. చేత్తో చెప్పు."

అనంతయ్య కుర్చీలో వెనక్కు జరిగాడు. "ఆడమనిషివి. తప్పు తల్లీ. ఆడోళ్లతో టవాలా ఎయ్యరు."

"ఆడోళ్లతో ఎయ్యరు. అమ్మేటోళ్లతో ఎయ్యరు. నాకు ఆ ముచ్చటంతా తెలుసు. నాకు నీ చెయ్యి ఏంటికి? అది చెప్పే మాట కావల్ల. పెట్టు."

సింధూజ మామగారి ముఖం వైపు చూసింది. ఆయన కోప్పడతాడని, పొమ్మంటాడని ఆమె అనుకొన్నది. ఆయన కోప్పడలేదు. చెయ్యి మెల్లగా తువాలు కిందికి పోయింది.

ఎండిన చెయ్యి. చక్రం దగ్గర నలభై ఏండ్లు రాళ్లను అదిమి పట్టిన వేళ్లు, చివర్లు గుర్రపుడెక్కలాగా గట్టిపడి ఉన్నాయి. ఆ చెయ్యి ఆమె చేతిలోకి వచ్చింది. తరువాత వేళ్లు ఒకటొకటిగా ముడుచుకొన్నాయి. బొటనవేలు వాటి మీదికి వచ్చింది. పిడికిలి బిగిసింది.

ప్రమీలమ్మ నమ్మింది. రాయి సానకెక్కదు. చెప్పు అడుగున దొరికినది చెప్పు అడుగుకే తగినది. అందుకు ఆమెకు దుఃఖం కలగలేదు. ఆ పిడికిలిని తన చేతిలో పట్టుకొని ఉన్నప్పుడు వచ్చినది అంతకు ముందెన్నడూ ఎరుగనంత కోపం. ఈ చేతికి నిజం చెప్పడం తెలుసు. పంతొమ్మిదేండ్ల కిందట కూడా తెలుసు. తమ అరుగుమీద కూర్చొని, తమ తువాలు కప్పుకొని, ఇది పూర్తి నిజమే చెప్పింది. తమకు తప్ప.

ఆమె చెయ్యి తీయలేదు.

"ఈ రాయి సంగతి అయిపోయింది. నమ్మినా. ఇప్పుడు పాతది చెప్పు."

"ఏ పాతది?"

"మజ్జిగ తాగిన పొద్దుటిది."

వీధిలో ఎవరో అరటిపండ్ల బండిని తోసుకొని పోతున్నారు. సింధూజ "మామయ్యా," అని ఆగిపోయింది. ఓబులేసు తువాలు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆయన ముఖంలో ఇంకా నమ్మకమే ఉన్నది. ఆయనకు అనంతయ్య మంచితనం మీద ఏ అనుమానమూ లేదు.

తువాలు కింద పిడికిలి చాలాసేపు అట్లాగే ఉన్నది. తరువాత బొటనవేలు జారింది. వేళ్లు విడివడ్డాయి. అరచెయ్యి విచ్చుకొని గుడ్డను పైకి లేపింది. పంతొమ్మిది సంవత్సరాల కిందట గడప దగ్గర నిలబడి చూసినది ఇదే కదలిక.

"ఏమంటాండాడు?" అని అడిగాడు ఓబులేసు.

ప్రమీలమ్మ తువాలును ఒక్క గుంజుతో లాగివేసింది.

కిటికీ వెలుతురులో, బల్ల మీద, అనంతయ్య చెయ్యి వెల్లకిలా తెరుచుకొని ఉన్నది. మూసుకోవడానికి ఆయనకు వీలు చిక్కలేదు. స్టీఫెన్ చెప్పిన మాట ఓబులేసుకు గుర్తులేకుండా పోలేదు. ఆయన ఆ చేతి వంకే చూశాడు.

"చెయ్యి చెప్పింది మా ఇంటాయనకు అర్థం గాలేదు శెట్టీ," అన్నది ప్రమీలమ్మ. "ఆయప్ప నోటి మాటలే నమ్ముతాడు. నోటితో చెప్పు. నన్ను చూసి గాదు. ఆయప్పను చూసి."

అనంతయ్య పెదవులు తడుపుకొన్నాడు. "ఆ రాయి సానకెక్కింది ఓబులేసప్పా. మచ్చ లేదు, గీత లేదు. నేనే కోసినా. రెండు రాళ్లు దిగినాయి." కొంచెం ఆగి, అడగకపోయినా ఇంకొక మాట చెప్పాడు. "నేను కూలికి పోయినోన్ని. నాకు కూలి ఇచ్చేటోడు ఆయన. నువ్వు గాదు."

"మామయ్యా, చాలు," అన్నది సింధూజ మెల్లగా.

"చాల్లేదు పాపా," అన్నాడు ఓబులేసు.

ఆ గొంతు ప్రమీలమ్మకు కొత్త. ఆమె తల తిప్పి భర్తను చూసింది.

"మా ఇంట్లో మజ్జిగ తాగినావు గదప్పా," అన్నాడు ఓబులేసు. "ఉప్పేసి, కరేపాకు నలిపి ఇచ్చింది. బాగుందని రెండోసారి అడిగితివి."

"అడిగినా."

"చెయ్యి ఇప్పిన తర్వాత అడిగితివా, ముందా?"

అనంతయ్య బల్ల మీది చెయ్యిని ఒడిలోకి తీసుకొన్నాడు.

"నేను గూడ కరువులో కూలికి పోయినోన్నే. నీ మాదిరి కూలోన్నే. పచ్చగా ఉండే పైరు చూసొచ్చి ఎండిపోయిందని ఎవురికీ చెప్పలేదు. ఇన్నేండ్లు ఊరంతా నీ పేరు చెప్పుకుంటా తిరిగినా. నా పెండ్లాం ముందర చెప్పుకుంటా తిరిగినా." ఆయన గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే అనంతయ్యకు కొంత సులువుగా ఉండేది. "ఈ మనిషి చెప్తే ఇనక, నీ తరఫు మాట్లాడినా గదప్పా."

ప్రమీలమ్మ రాయిని తీసుకొని మళ్లీ కొంగున ముడివేసింది.

"అది ఎవురికీ ఇయ్యొద్దు తల్లీ," అన్నాడు అనంతయ్య, ఆమె వైపు చూడకుండా. "సానపడతామని ఎవురన్నా అంటే నమ్మొద్దు. పగులుతాది."

"తెలుసు. నీ చెయ్యి చెప్పింది గదా."

వాళ్లు బజారులోకి వచ్చారు. ఎండ దిగలేదు. బస్టాండు వరకు ఓబులేసు ముందు నడిచాడు, ప్రమీలమ్మ వెనుక నడిచింది. ఎప్పుడూ ఆమె ముందుండేది. బస్సులో కిటికీ పక్కన ఆయన కూర్చొన్నాడు. టికెట్లు కూడా ఆయనే తీసుకొన్నాడు. కండక్టరు చిల్లర తరువాత ఇస్తానని అన్నప్పుడు, "ఇప్పుడే ఇయ్యి," అన్నాడు. కండక్టరు ఆయన ముఖం చూసి ఇచ్చాడు.

శిరివెళ్ల దాటిన తరువాత గాలికి ఆయన చొక్కా రెపరెపలాడుతుంటే ఆమె గమనించింది.

"టవాలా యాడ?"

"శెట్టి బల్ల కాడ."

"మర్చిపోతివా? పెండ్లైనకాడ్నుంచి భుజాన టవాలా లేకుండా నువ్వు గడప దాటింది నేను చూడలేదు."

"మర్చిపోలే. ఇడిసిపెట్టినా." ఆయన బయటికి చూస్తూనే అన్నాడు. "పంతొమ్మిదేండ్ల నాడే ఇడిసిపెట్టల్సింది."

దీని తరువాత ఒక మాట వస్తుందని ప్రమీలమ్మకు తెలుసు. నలభై రెండేండ్ల కాపురంలో అది రాకుండా ఏ సంగతీ ముగియలేదు. ఆమె దానికోసం నోరు బిగించుకొని ఎదురుచూసింది. బస్సు ఆళ్లగడ్డ చేరింది. పందిళ్ల కింద శిల్పులు ఇంకా రాళ్లు కొడుతూనే ఉన్నారు. ఇద్దరూ దిగి, పల్లెకు పోయే ఆటోలో కూర్చొన్నారు. ఓబులేసు ఆ మాట అనలేదు.